వంటశాలలో గడియారము, ఉష్ణమాపకము

2024 అక్టోబరు మాసములో హైదరాబాదు నగరమున వీధిబండిపై అమ్మిన మోమోలు తిన్న పలువురు వాంతులతోను, విరేచనములతోను ఆసుపత్రి పాలైరి. వారిలో ఒక స్త్రీ మరణించినది. ఆ నెల 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్లతో చేయు మయొనైజు తయారీని, నిల్వను, విక్రయమును ఒక సంవత్సరము పాటు నిషేధించినది. అంతకు ముందు కొన్ని నెలలుగా జరిగిన అనేక ఘటనలలో ఈ పదార్థమే కారణమని అనుమానము కలిగినట్లు ఆ ఉత్తర్వులో పేర్కొనబడినది.

బండి వద్ద నిలిచి తిన్నవారికి అపాయము ఏల తెలియలేదు? ఆహారము చెడిన వాసన వచ్చును, రుచి మారును, బూజు పట్టును అని మనము ఎరుగుదుము. కాని ఆహారమును కుళ్ళజేయు సూక్ష్మజీవులు వేరు, మనుష్యునకు వ్యాధి కలిగించు సూక్ష్మజీవులు వేరు. రెండవ తరగతివి పదార్థపు రంగు, వాసన, రుచి మార్చకయే అందులో లక్షలుగా పెరుగగలవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారము, కలుషితాహారము వలన ఏటా 60 కోట్లమంది జబ్బుపడుచుండగా 4,20,000 మంది మరణించుచున్నారు. నాలుక, ముక్కు చెప్పలేని ఈ సంగతిని చెప్పగల సాధనములు రెండు కలవు. అవి గడియారము, ఉష్ణమాపకము.

బాక్టీరియా ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలి వృద్ధి పొందును. అనుకూల పరిస్థితులలో అనేక జాతులకు ఇందుకు సుమారు 20 నిమిషములు చాలును. విద్యార్థులు ఈ లెక్క స్వయముగ వేసి చూడవచ్చును. పాత్రలో మొదట 100 బాక్టీరియాలున్నవనుకొనుడు. 6 గంటలలో అవి 18 మారులు రెట్టింపగును. అప్పుడు వాటి సంఖ్య 2,62,14,400. ఈ వృద్ధికి అనువైన వేడిమి 5 డిగ్రీల సెంటిగ్రేడు మొదలు 60 డిగ్రీల వరకు. వ్యాధికారక జాతులలో అనేకము 37 డిగ్రీల ప్రాంతమున మిక్కిలి చురుకుగ పెరుగును. మన వేసవి పగళ్ళలో వంటగది వేడిమి ఇంచుమించు అంతే కదా!

“మరల ఒకసారి బాగుగా కాచిన అన్నియు చచ్చును” అని అనేకులు నమ్ముదురు. ఇది సగము మాత్రమే నిజము. ఆహారపు నడిమి భాగము వరకు 70 డిగ్రీల వేడి తగిలిన బ్రతికియున్న బాక్టీరియాలలో అధికభాగము నశించును. కాని కొన్ని జాతులు తమ చుట్టు గట్టి కవచమును నిర్మించుకొని, సిద్ధబీజములుగ మారి, మరుగునీటిని సైతము తట్టుకొనును.

అన్నము ఇందుకు చక్కని ఉదాహరణము. బియ్యములో సహజముగ ఉండు బాసిల్లస్ సెరియస్ అను బాక్టీరియా యొక్క సిద్ధబీజములు అన్నము ఉడికినను చావవు. అన్నము గోరువెచ్చగా మారగానే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషమును విడుచును. ఆ విషము 121 డిగ్రీల వద్ద 90 నిమిషములు ఉంచినను చెడదు. 1970 దశకపు తొలి సంవత్సరములలో బ్రిటను దేశమున ఫ్రైడ్ రైసు తిన్నవారికి వాంతులు పట్టుకొనగా శాస్త్రజ్ఞులు ఈ సంగతిని వెల్లడించిరి. ముందు వండి గంటల తరబడి బయట ఉంచిన అన్నమును పెనములో ఎంత మంటపై వేయించినను, అందులో చేరిన విషము అట్లే నిలుచును. తిన్న 1 నుండి 6 గంటలలోపల వాంతులు ప్రారంభమగును.

మాంసపు కూరలలో మరియొక జాతి, క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్, ఇట్లే పొంచియుండును. దీని సిద్ధబీజములును ఉడుకునకు లొంగవు. 45 డిగ్రీల ప్రాంతమున ఇది సుమారు 10 నిమిషములకే రెట్టింపగును. పెద్ద గుండిగలోని కూర ఆ వేడిమిలోనే చాల సేపు నిలుచును. ఇందుకు కారణము క్షేత్రగణితమే. ఘనాకారపు పాత్ర భుజమును రెట్టింపు చేసిన, లోపలి పదార్థము 8 రెట్లగును. వేడిని వెలికి పంపు ఉపరితలము మాత్రము 4 రెట్లే పెరుగును. కావున గుండిగను మూతపెట్టి రాత్రంతయు వదలుట అపాయకరము. కూరను వెడల్పైన లోతులేని పళ్ళెములలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి, శీతలయంత్రములో ఉంచవలెను.

ఇక మూడవ ద్వారము వంటవాని చేయి. ముక్కులోను, చర్మముపైనను, చీముపట్టిన పుండ్లలోను నివసించు స్టఫిలోకాకస్ చేతిమీదుగా ఆహారమునకు చేరును. దీని విషమును ఉడికించినను పోదు. చేతికి పుండున్నవాడు దానిని జలాభేద్యమైన కట్టుతో కప్పి చేతొడుగు ధరించవలెను. లేదా ఆహారమును ముట్టక వేరొక పని చేయవలెను. సబ్బుతో చేతులు కడుగుట శుభ్రతకు గుర్తు మాత్రమే కాదు, వంటలో ఒక భాగము.

వేడిమి, కాలము కాక మూడవ రక్షణ పులుపు. మిక్కిలి పుల్లని పదార్థములలో వ్యాధికారక బాక్టీరియాలు సాధారణముగ పెరుగజాలవు. దూరప్రయాణములకు మన పెద్దలు వట్టి అన్నమునకు బదులు పులిహోర కట్టుకొనుటలో చింతపండునందలి టార్టారిక్ ఆమ్లము తోడ్పడినది. మయొనైజులో నిమ్మరసము గాని వినెగరు గాని తగినంత లేనప్పుడు ఈ రక్షణ లోపించును. సాల్మొనెల్లా అను బాక్టీరియా పగులని గ్రుడ్డు లోపలనే ఉండవచ్చును. పచ్చిగ్రుడ్డు నిప్పు తగులకయే తినువాని నోటికి చేరుచున్నది. పాశ్చరీకరించిన గ్రుడ్లు వాడిన ఈ భయము చాలవరకు తొలగును.

1954 నాటి చట్టము ముఖ్యముగ కల్తీని అరికట్టుటకు ఏర్పడినది. దాని స్థానమున 2006లో రూపొంది, 2011 ఆగస్టు 5 నుండి అమలులోనికి వచ్చిన ఆహార భద్రత చట్టము వంటశాల శుభ్రతను కూడ తన పరిధిలోనికి తెచ్చినది. అధికారి తనిఖీకి వచ్చు దినములు కొన్నియే. వంట మాత్రము ప్రతిదినము జరుగును. హైదరాబాదు హోటలునకైనను, మహబూబాబాదు జిల్లా నర్సింహులపేట వంటి మండల కేంద్రములోని చిన్న బండికైనను సూత్రము ఒక్కటియే. వేడి పదార్థమును 60 డిగ్రీలకు పైన, చల్లని పదార్థమును 5 డిగ్రీలకు లోపల ఉంచవలెను. వండినది బయట రెండు గంటలు మించి ఉండరాదు. పచ్చిమాంసము కోసిన కత్తిని, చెక్కను కడుగక ఇతర పదార్థములకు వాడరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో నిరూపింపవచ్చును. ఒకే కొలత వేడినీటిని లోతైన చెంబులో సగము, వెడల్పైన పళ్ళెములో సగము పోసి, అయిదేసి నిమిషములకు ఉష్ణమాపకముతో వేడిమిని కొలిపించి, గ్రాఫు గీయింపవలెను. ఆ రెండు రేఖల నడుమనున్న దూరమే సూక్ష్మజీవులకు చిక్కు వ్యవధి. ఆ గ్రాఫును పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండువారికి కూడ చూపిన, ఆ పాఠము పుస్తకమునందే నిలిచిపోక పిల్లల పళ్ళెము వరకు చేరును.