తొలి పొదుపు – బ్యాంకు ఎంపిక

ఓరుగల్లు సీమ చెరువులకు పెట్టింది పేరు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి జలాశయాలు కాకతీయుల కాలంలో వెలిశాయి. వానలు కురిసేది ఏడాదిలో కొద్ది నెలలే. పైరుకు నీరు కావలసింది ఆ తరువాత కూడా. ఈ సత్యాన్ని గ్రహించిన పాలకులు గట్టి కట్టలు పోయించి, అవసరమైనపుడు నీటిని వదలడానికి తూములు అమర్చారు.

ధనం విషయమూ ఇంతే. ఎనుమాముల మార్కెట్టులో పత్తి అమ్మిన రోజున రైతు ఇంట డబ్బు కనిపిస్తుంది. పిల్లల కళాశాల రుసుము చెల్లించవలసిన రోజున అది కనిపించదు. చదువుకై హనుమకొండకు వచ్చి వసతిగృహంలో ఉండే విద్యార్థికి ఉపకారవేతనం అందిన నెలలో లోటు తెలియదు. తరువాతి నెలలో చేబదులు తప్పదు. వచ్చినపుడు నిలిపి, కావలసినపుడు వాడుకొనే ఏర్పాటే పొదుపు. అయితే ఏ కట్ట గట్టిదో చూసుకోకుండా నీటిని నిలపరాదు. కాబట్టి బ్యాంకును ఎన్నుకొనేటప్పుడు యువతీయువకులు మూడు విషయాలు పరిశీలించాలి. అవి భద్రత, అందుబాటు, ప్రతిఫలం. ఈ వరుస మారకూడదు.

తెలుగునాట బ్యాంకులకు ఘనమైన చరిత్ర ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. నిజాం పాలనలో 1941లో ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, తరువాతి కాలంలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారి తెలంగాణ పల్లెలకు చేరువైంది. కాకతీయ గ్రామీణ బ్యాంకుతో పాటు మరికొన్ని గ్రామీణ బ్యాంకులు కలిసి 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం వరంగల్లులోనే ఉండేది.

నేడు ఈ పేర్లు బోర్డులపై కనబడవు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులోను విలీనమయ్యాయి. వికాస్ బ్యాంకుకు చెందిన తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుండి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఇలా పేరు మారినపుడు పెద్దలు తమ సొమ్ము ఏమైపోతుందోనని కలవరపడటం సహజం. విలీనం వేరు, మూసివేత వేరు. విలీనంలో పాత బ్యాంకు బాధ్యతలన్నీ కొత్త బ్యాంకుకు సంక్రమిస్తాయి. ఖాతాదారుడి సొమ్ముకు నష్టం ఉండదు; పాస్‌బుక్కు, ఐ.ఎఫ్.ఎస్.సి. సంకేతం వంటివి మారవచ్చు.

మూసివేత అలా కాదు. 2001లో హైదరాబాదులోని కృషి సహకార పట్టణ బ్యాంకు కుప్పకూలినపుడు, దానిలో డబ్బు దాచుకున్నవారు తీవ్రమైన ఆందోళనకు లోనయ్యారు. ఇటువంటి ఆపదలో ఆదుకొనేదే డిపాజిట్ బీమా. మన దేశంలో ఇది 1962లో 1,500 రూపాయల పరిమితితో మొదలైంది. 1993 నుండి లక్ష రూపాయలుగా ఉన్న పరిమితిని 2020 ఫిబ్రవరిలో 5 లక్షల రూపాయలకు పెంచారు. ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి ఉన్న అసలు, వడ్డీ కలిపి ఈ పరిమితి వర్తిస్తుంది. ఒకే బ్యాంకు రెండు శాఖలలో ఖాతాలు తెరిచినంత మాత్రాన బీమా రెట్టింపు కాదు. ప్రభుత్వ, ప్రైవేటు, గ్రామీణ బ్యాంకులకు ఈ రక్షణ ఉంది. సహకార బ్యాంకు విషయంలో బీమా ఉన్నదో లేదో ముందుగా విచారించడం వివేకం. చిట్టీలకు ఈ బీమా లేదు; వాటికి 1982 నాటి ప్రత్యేక చట్టం ఉంది.

భద్రత తేలిన తరువాత ఖాతా రకాన్ని నిర్ణయించుకోవాలి. రోజువారీ అవసరాలకు పొదుపు ఖాతా తగినది. దీనిపై వడ్డీని 2010 ఏప్రిల్ నుండి ప్రతి దినం ఉన్న నిల్వ ఆధారంగా లెక్కిస్తున్నారు. 2011 నుండి వడ్డీ రేటును ప్రతి బ్యాంకూ స్వయంగా నిర్ణయించుకొంటున్నది. ప్రతి నెలా కొంత మొత్తం దాచదలచినవారికి రికరింగ్ డిపాజిట్, ఒకేసారి చేతికి వచ్చిన సొమ్మును కొంతకాలం కదపకుండా ఉంచదలచినవారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకూలం. గడువుకు ముందే తీసుకుంటే వడ్డీ తగ్గుతుంది. అందువల్ల ఆరు నెలలలో రుసుముకు కావలసిన డబ్బును మూడేళ్ళ డిపాజిట్టులో బంధించరాదు.

వడ్డీ కంటే ముందు చూడవలసినది రుసుములను. ఒక విద్యార్థి నెలకు 500 రూపాయల చొప్పున ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్టులో వేశాడనుకొందాం. వడ్డీ 6 శాతమైతే, 6,000 రూపాయల అసలుపై అతనికి సుమారు 195 రూపాయలు లభిస్తాయి. అదే సొమ్ము 3 శాతం వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతాలో ఉంటే దాదాపు 97 రూపాయలు వస్తాయి. తేడా వంద రూపాయలకు లోపే. కాని కనీస నిల్వ లేదన్న కారణంతో బ్యాంకు నెలకు 100 రూపాయలు కోత విధిస్తే ఏడాదికి 1,200 రూపాయలు పోతాయి. వడ్డీ చినుకై కురుస్తుంటే, రుసుము కట్టకు పడిన బుంగవలె నీటిని హరిస్తుంది.

ఈ బాధ లేకుండా రిజర్వు బ్యాంకు 2012లో ప్రాథమిక పొదుపు ఖాతాను ప్రవేశపెట్టింది. దీనిలో కనీస నిల్వ నిబంధన లేదు. ఏ.టి.ఎం. కార్డుకు రుసుము లేదు. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా సొమ్ము తీసుకోవచ్చు. అయితే ఈ ఖాతా ఉన్నవారు అదే బ్యాంకులో మరొక పొదుపు ఖాతా ఉంచుకోరాదు. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ ఖాతాలూ కనీస నిల్వ అవసరం లేనివే. అడగనిదే ఈ ఖాతా సంగతి చెప్పేవారు ఉండకపోవచ్చు. కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

పద్దెనిమిదేళ్ళు నిండనివారు నిరాశ చెందనవసరం లేదు. పదేళ్ళు దాటిన మైనర్లు కోరుకుంటే తామే పొదుపు ఖాతాను నిర్వహించుకొనే అవకాశాన్ని రిజర్వు బ్యాంకు 2014లో కల్పించింది. పరిమితులు ఆయా బ్యాంకులు విధించుకుంటాయి. మేజరైన పిమ్మట కొత్త సంతకం, గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. ఖాతా తెరిచేటప్పుడే నామినీ పేరు నమోదు చేయించడం మరువరాదు. రెండేళ్ళపాటు లావాదేవీలు జరపకపోతే ఖాతా నిష్క్రియమవుతుంది. చదువు ముగించి ఊరు మారేవారు దానిని కొనసాగించడమో, మూసివేయడమో చేయాలి.

అందుబాటు అంటే శాఖ దగ్గరగా ఉండటం మాత్రమే కాదు. సందేహం అడిగితే సమాధానం దొరకాలి, ఫిర్యాదు చేస్తే పరిష్కారం లభించాలి. బ్యాంకు ముప్పై రోజులలో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. రహస్య సంఖ్యను, ఓ.టి.పి.ని బ్యాంకు ఉద్యోగినని చెప్పినవారికి సైతం తెలుపరాదు. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 సంఖ్యకు ఫోను చేయాలి.

ఏడాదిలో సొమ్ము రెట్టింపు చేస్తామనే ప్రకటనలు నేటికీ వినబడుతూనే ఉన్నాయి. అనుమతి లేని డిపాజిట్ల సేకరణను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. అయినా చట్టం మేలుకొనే లోపు సొమ్ము చేయి దాటిపోవచ్చు. వడ్డీకి ఆశపడితే అసలుకే మోసం వస్తుందని పెద్దలు ఊరకే అనలేదు.

పొదుపు చేసే మొత్తం చిన్నదని సంకోచించవలసిన పనిలేదు. పాకాల చెరువు ఒక్క వానతో నిండలేదు. కట్ట నిలిచింది గనుకనే శతాబ్దాలుగా దాని కింద పొలాలు పండుతున్నాయి. తగిన బ్యాంకును, తగిన ఖాతాను వివేకంతో ఎంచుకొన్న విద్యార్థికి నేడు దాచిన వంద రూపాయలు రేపటి చదువుకు ఊతమవుతాయి. అవసరం ముంచుకు వచ్చిన నాడు ఇతరుల గడప తొక్కనీయవు.