మీకు తెలుసా? పాజిటివ్ రిపోర్టుతోనే విమానం ఎక్కారు
కోవిడ్ రోజుల్లో వరంగల్‌లోని అమ్మానాన్నలను చూడటానికి వచ్చి, ఇక్కడే జబ్బుపడిన అమెరికా తెలుగువాళ్లకు తిరుగు ప్రయాణంలో పాజిటివ్ రిపోర్టే అక్కరకొచ్చింది! 2021 జనవరి 26 నుంచి అమెరికా విమానం ఎక్కాలంటే రెండేళ్లు నిండిన పిల్లలకు సైతం నెగెటివ్ రిపోర్టు ఉండాలన్నారు. కానీ జబ్బు తగ్గాక కూడా వైరస్ తునకలు ఒంట్లో మిగిలి, ఆర్‌టీ-పీసీఆర్‌లో వారాల తరబడి పాజిటివ్ రావచ్చు. అందుకే 90 రోజుల్లోపు వచ్చిన పాజిటివ్ రిపోర్టు, ప్రయాణించవచ్చంటూ డాక్టరు లెటర్‌హెడ్‌పై సంతకం, తేదీతో ఇచ్చిన ఉత్తరం చూపితే చాలన్నారు. వాటిలో పేరు పాస్‌పోర్టుతో సరిపోవాలి. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టే మనవాళ్లు ఆ సంగతి శంషాబాద్ కౌంటర్ దగ్గర కాదు, హన్మకొండలో శాంపిల్ ఇచ్చేటప్పుడే చూసుకోవాల్సి వచ్చేది. 2022 జూన్ 12న ఈ నెగెటివ్ రిపోర్టు నిబంధన ఎత్తేశారు.