అటక మీద తెల్లనిదేమిటి?

పిల్లలూ! ముసురు విడిచాక ఇల్లు దులపటానికి నిచ్చెన వేస్తే, అటక మీద ఏదో తెల్లగా కనపడుతుంది. "బూజు" అనేస్తారు అందరూ. ఇది మన మాటతో వచ్చిన చిక్కు. సాలెగూటికి దుమ్ము పట్టినా బూజే, ఊరగాయ మీద మొలిచినా బూజే! మొదటిది సాలీడు నేసినది. రెండవదానికి ప్రాణమున్నది, అది శిలీంధ్రం.

కొనకనమిట్ల, మార్కాపురం వైపు వారికి ఒక సదుపాయం ఉన్నది. పలకరాయికి పేరుపడిన సీమ అది. ఒకప్పుడు ఎందరో బడిపిల్లలు మార్కాపురం పలకల మీదనే అక్షరాలు దిద్దారు. పాత పలకముక్క మీదికి ఆ తెల్లనిదాన్ని పుల్లతో గీకితే నలుపు మీద తెలుపు చక్కగా తెలుస్తుంది. ఈ పని పెద్దవాళ్ళు ముక్కుకు మాస్కు కట్టుకుని చేయాలి. రుచి మాత్రం ఎవరూ చూడరాదు.

రెండు చుక్కల నీళ్ళు వేయండి. కరిగిపోతే అది ఉప్పు. ఆ మెట్ట ఊళ్ళలో చాలాచోట్ల బావినీళ్ళు ఉప్పనివి. అటువంటి నీటితో కట్టిన గోడలోకి చెమ్మ దిగితే, లోపలి లవణాలను కరిగించుకొని పైకి వస్తుంది. నీరు ఆవిరైపోతుంది, లవణం మిగిలిపోతుంది. కరగకుండా, నిమ్మరసపు చుక్క పడగానే బుసబుసమని పొంగితే అది సున్నం. వెల్ల వేసినప్పుడు గాలిలోంచి పీల్చుకున్న బొగ్గుపులుసు గాలే మళ్ళీ బయటికి వస్తున్నదన్నమాట!

దూలం కింద పిండి రాలినట్టుంటే పైన సన్నని బెజ్జాలు వెతకండి. అది కర్రను తొలిచే పురుగు పని. గోడకు అంటుకున్న కాగితపు బిళ్ళలాంటిది సాలీడు గుడ్ల సంచీ. బల్లి రెట్టకు ఒక కొస తెల్లగా ఉంటుంది, చూశారా? అది దాని మూత్రమే. నీరు వృథా కాకుండా బల్లి దాన్ని ముద్దగా చేసి విడుస్తుంది.

నీటికి కరగక, నిమ్మరసానికి పొంగక, భూతద్దంలో దూదిపోగుల్లా కనిపించి ముక్కవాసన వేసేదే అసలు బూజు. పాత మంచం కోడుకు పడితే తుడిచి ఎండలో వేసి, కప్పు కారే చోటు మూయిస్తే సరిపోతుంది. విత్తనానికి దాచిన వేరుసెనగ బస్తాకు పడితే మాత్రం సంగతి వేరు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తెల్లగా మొలిచి, పోను పోను పసుపు కలిసిన ఆకుపచ్చగా మారుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. రోగమేదో తెలియక "టర్కీ ఎక్స్ వ్యాధి" అన్నారు. చివరకు మేతలోని వేరుసెనగ పిండిలో ఈ బూజు చేసిన విషం దొరికింది. దాని పేరు అఫ్లటాక్సిన్. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని సుమారు నూరుమంది మరణించారు.

ఈ విషం కాలేయాన్ని చెరుపుతుంది. మామూలు వంట వేడికి పోదు. పైబూజు తుడిచినా గింజలో ఉండిపోవచ్చును. కనుక అటువంటి కాయలు మనం తినరాదు, కోళ్ళకూ గొడ్లకూ వేయరాదు. కాయ ఊపితే గలగలలాడేదాకా ఎండబెట్టి, గోడకు తగలకుండా బల్ల మీద పెట్టిన బస్తాలో బూజు మొలవటం బహు కష్టం.