దూది దగ్గర ఆగిన వ్యాపారం

ఆదోని పత్తి, ఎమ్మిగనూరు మగ్గం చెప్పే వాణిజ్య పాఠం

ఒక ప్రాంతం ఏ సరుకు పండిస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఆ సరుకును ఏ దశలో చేయి దాటిస్తుందన్నది అంతకన్నా ముఖ్యం. వర్ధమాన దేశాల వాణిజ్య విధానాలపై డెబ్బై అయిదేళ్లుగా సాగుతున్న చర్చ అంతా చివరికి ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కర్నూలు జిల్లా పడమటి భాగంలో దాన్ని కళ్లారా చూడవచ్చు. ఆదోనిలో పత్తి మార్కెట్ ఉంది. ఎమ్మిగనూరులో మగ్గం ఉంది. ఈ రెండింటినీ కలపాల్సిన మెట్లు మాత్రం చాలావరకు వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి.

క్వింటాలు పత్తి లెక్క

క్వింటాలు పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే సుమారు 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. మిగిలినదాంట్లో దాదాపు అంతా గింజే. గింజ నుంచి నూనె, పశువుల మేతకు చెక్క తీస్తారు. 170 కిలోల దూదిని నొక్కి కడితే ఒక బేలు. అంటే బేలుకు సుమారు అయిదు క్వింటాళ్ల పత్తి కావాలి.

ఆదోనిలో జరిగే పని చాలావరకు ఇక్కడితో ముగుస్తుంది. బేలు లారీ ఎక్కాక అది నూలుగా మారేది తమిళనాడు లాంటి చోట్ల మిల్లుల్లో, దుస్తులుగా మారేది తిరుప్పూరు లాంటి పట్టణాల్లో. వడకడం, నేయడం, అద్దకం, కుట్టడం, బ్రాండు వేయడం అనే ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ సరుకు విలువ పెరుగుతుంది, ఎవరో ఒకరికి పని దొరుకుతుంది. రైతు చేతికి వచ్చేది మొదటి మెట్టు ధర. అన్నింటికన్నా ఎక్కువగా ఊగిసలాడేదీ ఆ ధరే. 2022 ఆరంభంలో ఆదోని యార్డులో క్వింటాలు 10 వేల రూపాయలు దాటింది. తర్వాతి సీజన్లలో రైతులు మద్దతు ధర కోసం భారత పత్తి సంస్థ కొనుగోళ్ల వైపు చూడాల్సి వచ్చింది.

ముడిసరుకులు అమ్మి యంత్రాలు కొనుక్కునే దేశాలు కాలం గడిచేకొద్దీ నష్టపోతాయని 1950లో అర్జెంటీనా ఆర్థికవేత్త రావుల్ ప్రెబిష్, జర్మనీలో పుట్టిన హాన్స్ సింగర్ విడివిడిగా వాదించారు. తయారీ వస్తువుల ధరలతో పోలిస్తే ముడిసరుకుల ధరలు దీర్ఘకాలంలో తగ్గుతూ పోతాయన్నది వారి సిద్ధాంతం.

రైలు తెచ్చిన మార్కెట్

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు ఆదోని కంపెనీ పాలనలోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా అది బళ్లారి జిల్లాలోనే ఉంది. ఈ నల్లరేగడి నేలల పత్తిని మద్రాసు వర్తకులు ‘వెస్టర్న్స్’ అని పిలిచేవారు. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధం లాంకషైర్ మిల్లులకు దూది రాకుండా చేయడంతో భారత పత్తికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు కలిశాక, ఆ దారిలో ఉన్న ఆదోనికి రెండు రేవులతోనూ సంబంధం ఏర్పడింది. ఆదోనికి ‘రెండో బొంబాయి’ అన్న పేరు రావడానికి ఈ వ్యాపారమే కారణం.

రైలు దూదిని రేవుకు చేర్చింది గానీ మిల్లును రైతు దగ్గరకు తేలేదు. అప్పటి సుంకాల విధానం కూడా అందుకు అనుకూలంగా లేదు. దిగుమతయ్యే బ్రిటిష్ బట్టపై సుంకం వేసినందుకు సరిసమానంగా, 1896 నుంచి భారతీయ మిల్లు బట్టపై 3.5 శాతం ఎక్సైజు పన్ను విధించారు. అది 1925 దాకా కొనసాగింది. వాణిజ్య విధానం ఎవరి చేతిలో ఉంటే పరిశ్రమ వారి దగ్గరే పెరుగుతుందని ఆనాటి తరం అనుభవంతో తెలుసుకుంది.

రక్షణ గోడ, ఎగుమతి బాట

స్వాతంత్ర్యం వచ్చాక భారత్ దిగుమతులకు బదులు స్వదేశీ తయారీని ఎంచుకోవడం ఆ అనుభవం ఫలితమే. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసింది. ఎక్కువ సుంకాలు, దిగుమతి లైసెన్సుల చాటున ఉక్కు, యంత్రాలు, ఎరువుల కర్మాగారాలు లేచాయి. అయితే ఆ చాటున పోటీ తగ్గింది, ఎగుమతులపై శ్రద్ధ తగ్గింది. ప్రపంచ ఎగుమతుల్లో 1948లో సుమారు 2 శాతం ఉన్న భారత్ వాటా 1980లకల్లా అర శాతం దగ్గరకు జారింది.

దక్షిణ కొరియా వేరే దారి పట్టింది. 1964లో 10 కోట్ల డాలర్ల ఎగుమతులు సాధించినందుకే పండగ చేసుకున్న ఆ దేశం 1977కల్లా వెయ్యి కోట్ల డాలర్లకు చేరింది. కొరియా కూడా తన పరిశ్రమలకు రక్షణ ఇచ్చింది. కాకపోతే చౌక రుణం, రాయితీ పొందిన సంస్థ ఎగుమతుల్లో ఫలితం చూపాల్సి వచ్చేది. రక్షణకు గడువు, షరతు ఉండడమే రెండు విధానాల మధ్య అసలు తేడా.

బంగ్లాదేశ్ కథ పత్తి రైతుకు మరింత దగ్గరిది. ఆ దేశంలో పత్తి సాగు చాలా తక్కువ. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే సంస్థ 130 మంది ఉద్యోగులను కొరియాకు చెందిన దేవూ దగ్గర శిక్షణకు పంపింది. వారిలో చాలామంది తిరిగొచ్చాక సొంత కర్మాగారాలు పెట్టారు. సంపన్న దేశాల కోటా విధానం, తర్వాత సుంకాల మినహాయింపులు కలిసొచ్చి, పత్తి పెద్దగా పండించని దేశం ప్రపంచంలోని అతిపెద్ద దుస్తుల ఎగుమతిదారుల్లో ఒకటైంది.

దీనికి భిన్నంగా బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ మంచి పత్తి పండించి దాదాపు అంతా దూదిగానే ఎగుమతి చేస్తాయి. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీలు ప్రపంచ ధరను పడగొడుతున్నాయని ఆ నాలుగు దేశాలు 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థలో గొంతెత్తాయి. అదే అంశంపై బ్రెజిల్ వేసిన కేసు 2014లో 30 కోట్ల డాలర్ల చెల్లింపు ఒప్పందంతో ముగిసింది. ఆఫ్రికా రైతులకు అలాంటి ఊరట దక్కలేదు. పేద దేశపు చిన్న రైతు పోటీ పడాల్సింది ఎదుటి రైతుతో మాత్రమే కాదు, ఎదుటి దేశపు ఖజానాతో కూడా.

నిలకడ లేని సుంకాలు

1991 సంస్కరణల తర్వాత భారత్ తలుపులు తెరిచింది. పత్తి విషయంలో మాత్రం ఆ తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ వచ్చింది. 2010 ఏప్రిల్‌లో, మళ్లీ 2012 మార్చిలో దూది ఎగుమతులను నిలిపేశారు. 2021 ఫిబ్రవరిలో దిగుమతులపై సుంకం వేశారు. అది మొత్తం 11 శాతం అయింది. 2022లో కొన్ని నెలలు దాన్ని ఎత్తేశారు.

2025లో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని ఆగస్టు 27 నుంచి 50 శాతానికి పెంచింది. దుస్తుల పరిశ్రమ భారం తగ్గించడానికి కేంద్రం ఆగస్టు 19 నుంచి దూదిపై దిగుమతి సుంకం ఎత్తేసి, మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. సుంకం ఎత్తేసిన నాటికి శ్రావణ మాసం నడుస్తోంది. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు దగ్గర్లోని ఉరుకుంద ఈరన్న స్వామి సన్నిధికి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రైతు కుటుంబాలు తరలివచ్చే కాలం. చేలో పత్తి ఇంకా పూత, పిందె మీదే ఉంది. రైతు విత్తిన నాటి సుంకం ఒకటి, పంట యార్డుకు వచ్చేనాటికి ఇంకొకటి. మిల్లుకు చౌక దూది అవసరమన్నది నిజమే. ఆ చౌకదనపు ఖర్చును రైతు మీద వేయడం న్యాయం కాదు. సుంకం మార్పు విత్తడానికి ముందే తెలియాలి, తగ్గిస్తే మద్దతు ధర కొనుగోళ్లు అదే వేగంతో సాగాలి.

మగ్గం నేర్పిన మార్గం

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఒంటరి నేతగాడు నూలుకు ఒక వ్యాపారి మీద, అమ్మకానికి మరో వ్యాపారి మీద ఆధారపడతాడు. సంఘం నూలు టోకున కొని, సభ్యుల చేత నేయించి, దుప్పట్లు, తువ్వాళ్లు ఒకే పేరుతో అమ్మగలదు. మెట్ల మధ్య జారిపోయే లాభాన్ని నేసేవారి దగ్గర నిలపడమే సహకారం సారాంశం.

చేనేతకు కేంద్రం రక్షణలూ కల్పించింది. 1985 చట్టం కొన్ని రకాల బట్టలను మగ్గానికే కేటాయించింది. మిల్లులు కొంత నూలును చిలపల రూపంలోనే ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. అయినా మరమగ్గం పోటీ, నూలు ధర కలిసి నేతను కుంగదీశాయి. దేశంలో 1995లో సుమారు 65 లక్షలున్న చేనేత కార్మికులు 2019–20 గణన నాటికి 35 లక్షలకు తగ్గారు.

మధ్య మెట్లు, సుగ్గి బాట

2023 మార్చిలో కేంద్రం ఏడు భారీ జౌళి పార్కులు ప్రకటించింది. తెలంగాణకు వరంగల్, కర్ణాటకకు కలబురగి దక్కాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కటీ రాలేదు. అయితే దూదికీ దుస్తులకూ మధ్య మెట్లలో అన్నీ ఒకే ఫలితం ఇవ్వవు. నూలు మిల్లుకు పెట్టుబడి ఎక్కువ, మనుషులు తక్కువ. కుట్టుపనికి పెట్టుబడి తక్కువ, మనుషులు ఎక్కువ, అందులోనూ మహిళలకు అవకాశం ఎక్కువ. అద్దకానికి నీరు, మురుగు శుద్ధి తప్పనిసరి. వానలు తక్కువ పడే పడమటి కర్నూలుకు కుట్టుపని, చేనేతకు అనుబంధ పనులే ముందు అందుబాటులోకి వచ్చే మెట్లు.

ఆ మెట్లు లేకపోవడంతో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో పొలం పనులు అయిపోగానే కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, బయలుదేరతాయి. గుంటూరు వైపు మిరపకోతకు, తెలంగాణలో పత్తి తీయడానికి పోతాయి. పిల్లల బడి మధ్యలో ఆగుతుంది. పత్తి పండించే ఊళ్ల మనుషులే వేరే జిల్లాలకు పత్తి తీసే కూలీలుగా వెళ్లడం, ఇక్కడి వ్యాపారం దూది దగ్గరే ఆగిపోయిందనడానికి తిరుగులేని రుజువు. ఎగుమతి లెక్కలు ఎంత పెరిగినా ఆ బడి పిల్లలు ఊళ్లో నిలిచేదాకా ఆ వృద్ధి ఈ నేలకు చేరినట్టు కాదు.