ఉమ్మితే చాలదు.. తెమడ కావాలి!
నమూనా సరిగా ఉంటేనే క్షయ పరీక్షకు విలువ

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతుంది. ఆకలి మందగిస్తుంది, బరువు తగ్గుతుంది. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు, దుకాణంలో కొన్న దగ్గు మందు సీసాలు అయిపోయాక గానీ చాలామంది సర్కారు ఆసుపత్రి మెట్లెక్కరు. అక్కడ తెమడ పరీక్ష కోసం ఒక చిన్న డబ్బా చేతికిస్తారు. నలుగురిలో గట్టిగా దగ్గడానికి సిగ్గుపడి, త్వరగా ఇంటికి చేరాలన్న తొందరలో అందులో ఇంత ఉమ్మి వేసి ఇచ్చేస్తారు. ‘క్రిములు కనిపించలేదు’ అని చీటీ వస్తుంది. గండం గడిచిందనుకుని వెళ్లిపోతారు. నిజానికి అక్కడ పరీక్షించింది నోటిలోని లాలాజలాన్నే తప్ప ఊపిరితిత్తుల్లోని కఫాన్ని కాదు.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. తెమడలో క్రిములున్న రోగి చికిత్స లేకుండా తిరిగితే ఏడాదిలో 10 నుంచి 15 మందికి వాటిని అంటించగలడని అంచనా. ఆ పదిమందీ ముందుగా అతని ఇంట్లోవారు, పక్కన పడుకునే పిల్లలే. అందుకే చిన్న డబ్బాలోకి ఏం చేరుతోందన్నది ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం.

ఉమ్మికీ తెమడకూ తేడా ఏమిటి?

ఉమ్మి నోటిలో ఊరేది. నీళ్లలా పలచగా, నురగతో ఉంటుంది. తెమడ ఊపిరితిత్తుల లోపలి గొట్టాల నుంచి దగ్గుతో పైకి వచ్చేది. కొన్ని ప్రాంతాల్లో దీన్నే గళ్ల అనీ, కఫమనీ అంటారు. చిక్కగా, జిగటగా, పసుపు లేదా ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఒక్కోసారి నెత్తుటి చారలూ కనిపిస్తాయి. క్షయ క్రిములు ఉండేది ఇందులోనే.

నమూనా ఎలా ఇవ్వాలో రోగికి వివరించి చెబితే ఫలితమే మారిపోతుందని తేలింది. పాకిస్థాన్‌లోని రావల్పిండిలో జరిపిన అధ్యయనం 2007లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. తెమడ తీసే పద్ధతిని ముందుగా వివరించిన మహిళల్లో 13 శాతం మందికి క్రిములు బయటపడగా, వివరించని వారిలో 8 శాతం మందికే కనిపించాయి. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. నాలుగు మాటలు చెప్పడమే తేడా. సిగ్గుతో దగ్గలేని మహిళలకే ఆ మాటలు ఎక్కువగా అక్కరకు వచ్చాయి.

నమూనా ఇలా ఇవ్వాలి

ముందుగా మంచినీళ్లతో నోరు పుక్కిలించాలి. జనం లేని చోట, గాలి, వెలుతురు ఉన్న ఆరుబయట నిలబడాలి. రెండు మూడుసార్లు నిండుగా ఊపిరి పీల్చి, కాసేపు బిగబట్టి వదలాలి. ఆ తర్వాత ఛాతీ లోపలి నుంచి బలంగా దగ్గాలి. వచ్చిన తెమడను డబ్బా బయట పడకుండా లోపలే వేసి, మూత గట్టిగా బిగించాలి. పరీక్షకు 2 మిల్లీలీటర్లకు తగ్గకుండా ఉండాలి. నీళ్లలా పలచగా వస్తే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

గతంలో మూడు నమూనాలు తీసుకునేవారు. 2009 నుంచి రెండింటితో సరిపెడుతున్నారు. ఒకటి ఆసుపత్రికి వచ్చినప్పుడు అక్కడికక్కడే ఇచ్చేది, మరొకటి మరునాడు తెల్లవారగానే ఇంటి వద్ద తీసి తెచ్చేది. రాత్రంతా ఛాతీలో చేరిన కఫం ఉదయాన బయటికి వస్తుంది కాబట్టి రెండో నమూనాలో క్రిములు దొరికే అవకాశం ఎక్కువ. తెచ్చేటప్పుడు డబ్బాకు ఎండ తగలనీయకూడదు. ఇంట్లో పెట్టుకుని జాప్యం చేయకూడదు.

గాజు పలకపై ఎర్రని కడ్డీలు

క్షయకు కారణమైన క్రిమిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి వెల్లడించారు. అందుకే ఏటా అదే రోజున ప్రపంచ క్షయ దినం జరుపుతున్నారు. ఆ వెంటనే జీల్, నీల్సన్ అనే మరో ఇద్దరు జర్మనీ వైద్యుల కృషితో రూపుదిద్దుకున్న రంగుల పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

ల్యాబ్ టెక్నీషియన్ తెమడలోని చిక్కని భాగాన్ని గాజు పలకపై పలచగా పూసి, ఆరబెట్టి, వేడి తగిలిస్తారు. దానిపై కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి ఆవిరి వచ్చేదాకా కాస్తారు. తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడుగుతారు. మిగతా కణాలన్నీ రంగు కోల్పోతాయి. క్షయ క్రిమికి మాత్రం మైనం వంటి పొర ఉండటంతో రంగును విడవదు. చివరగా మిథిలీన్ బ్లూ వేసి, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూపే సూక్ష్మదర్శినిలో చూస్తే నీలి నేపథ్యంలో ఎర్రని సన్నటి కడ్డీల్లా క్రిములు కనిపిస్తాయి.

వంద క్షేత్రాలు వెతికినా ఒక్కటీ కనిపించకపోతే ‘నెగెటివ్’ అని రాస్తారు. వందలో 1 నుంచి 9 క్రిములుంటే ‘స్వల్పం’, 10 నుంచి 99 ఉంటే ‘1+’, క్షేత్రానికి 1 నుంచి 10 ఉంటే ‘2+’, అంతకు మించితే ‘3+’. ప్లస్‌లు పెరిగేకొద్దీ రోగి నుంచి ఇతరులకు వ్యాధి సోకే ముప్పు పెరుగుతుంది.

అయితే ఈ పరీక్షకు పరిమితి ఉంది. మిల్లీలీటరు తెమడలో కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటే తప్ప సూక్ష్మదర్శినికి చిక్కవు. తెమడకు బదులు ఉమ్మి వేస్తే ఆ లెక్క అందడం కష్టం.

రెండు గంటల్లో తేల్చే యంత్రం

ఈ లోటును పూడ్చేందుకే సీబీనాట్ యంత్రాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో వీటికి ఆమోదం తెలిపింది. తెమడకు ద్రావణం కలిపి గుళిక వంటి కార్ట్‌రిడ్జ్‌లో పోసి యంత్రంలో పెడితే, క్రిమి జన్యు పదార్థాన్ని లక్షల రెట్లు పెంచి పట్టుకుంటుంది. దాదాపు రెండు గంటల్లో ఫలితం వస్తుంది. క్షయకు ప్రధాన మందైన రిఫాంపిసిన్ ఆ క్రిమిపై పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. మందుకు లొంగని క్షయను మొదటిరోజే గుర్తించగలగడం రోగికి ప్రాణదానం వంటిది.

గోవాలో తయారవుతున్న ట్రూనాట్ యంత్రానికి 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. ఇది బ్యాటరీతోనూ నడుస్తుంది కాబట్టి కరెంటు కోతలున్న పల్లెలకు అనువైనది.

అన్నిటికంటే సునిశితమైనది కల్చర్ పరీక్ష. మిల్లీలీటరుకు 10 నుంచి 100 క్రిములున్నా పట్టేస్తుంది. కానీ క్షయ క్రిమి రెండింతలు కావడానికి 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది. అందుకే గుడ్డు కలిపిన ఘన మాధ్యమంలో ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

న్యుమోనియాకు దారి వేరు

ఛాతీలో చేరే కఫమంతా క్షయ కాదు. న్యుమోనియా కారక బ్యాక్టీరియాను గుర్తించడానికి 1884లో వెలువడిన గ్రామ్ రంగుల పద్ధతిని వాడతారు. న్యుమోకాకస్ ఊదా రంగులో, క్లెబ్సియెల్లా గులాబీ రంగులో కనిపిస్తాయి. ఇక్కడా నమూనా నాణ్యతే ముఖ్యం. సూక్ష్మదర్శినిలో చీము కణాలు తక్కువగా, నోటి లోపలి పొర కణాలు ఎక్కువగా కనిపిస్తే అది ఉమ్మి అని తేల్చి, మళ్లీ నమూనా తెమ్మంటారు. క్రిములను పెంచి, ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతాయో చెప్పడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మందులు మొదలుపెట్టక ముందే నమూనా ఇవ్వడం మేలు.

తెమడ రాని వారి మాటేమిటి?

చిన్నపిల్లలు తెమడను మింగేస్తారు. అందుకే తెల్లవారుజామున పరగడుపున ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోని ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. పెద్దల్లో తెమడ రానివారికి ఉప్పునీటి ఆవిరి పట్టిస్తారు. అప్పటికీ రాకుంటే పెద్దాసుపత్రిలో బ్రాంకోస్కోపీతో ఊపిరితిత్తిని కొద్దిపాటి సెలైన్‌తో కడిగి ఆ ద్రవాన్ని సేకరిస్తారు. హెచ్ఐవీ ఉన్నవారి తెమడలో క్రిములు తక్కువగా ఉండవచ్చు. వారికి సూక్ష్మదర్శిని పరీక్ష ఒక్కటే చాలదు, సీబీనాట్ వంటివి అవసరం.

చికిత్సలోనూ పరీక్ష తప్పదు

మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు, చివర్లో మళ్లీ తెమడ పరీక్ష చేస్తారు. చనిపోయిన క్రిమి జన్యు పదార్థాన్నీ సీబీనాట్ చూపుతుంది కాబట్టి, ఈ దశలో సూక్ష్మదర్శిని, కల్చర్ పరీక్షలనే ఆధారం చేసుకుంటారు. దగ్గు తగ్గిందని మధ్యలో మందులు మానితే క్రిమి మొండిదై తిరిగి వస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

* రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితం.

* ‘నెగెటివ్’ వచ్చినా దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఆగకపోతే ఎక్స్‌రే, సీబీనాట్ గురించి వైద్యుడిని అడగాలి.

* వైద్యుడు చూడకుండా యాంటీబయాటిక్ మాత్రలు మింగకూడదు. వాటిలో కొన్ని క్షయ లక్షణాలను తాత్కాలికంగా అణచి, వ్యాధి నిర్ధారణను ఆలస్యం చేస్తాయి.

* చికిత్స పొందే వారికి పోషకాహారం కోసం ఇచ్చే నెలకు రూ. 500 సాయాన్ని 2024 నవంబరు నుంచి రూ. 1,000కి పెంచారు. బ్యాంకు ఖాతా వివరాలు ఆసుపత్రిలో ఇవ్వాలి.

* డబ్బా ఇచ్చే సిబ్బంది రెండు నిమిషాలు ఆగి, ఎలా దగ్గాలో చూపించాలి. చెప్పకపోతే రోగే అడగాలి.