పరదేశమెళ్లిన పందికొక్కు

గాదె కింద బొరియ తవ్వి గింజలు దోచుకుపోతుందని రైతు తిట్టిపోసే జీవి పందికొక్కు. హోసూరు ప్రాంతంలో తమిళులు దాన్ని ‘పెరుచ్చాళి’ అంటారు, కన్నడిగులు ‘హెగ్గణ’ అంటారు. తెలుగిళ్లలో మాత్రం అది పందికొక్కే. ఈ మాటే ఇంగ్లీషులోకి వెళ్లి ‘బాండికూట్‌’ అయింది!

అదెలాగంటే... ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టారు. తర్వాత తీరం వెంట స్థిరపడ్డారు. ఇంత పెద్ద ఎలుక వాళ్ల దేశంలో లేదు. దాంతో ఇక్కడివారి పేరే తీసుకుని, నోరు తిరిగినట్లు పలికారు. 1886లో వచ్చిన ‘హాబ్సన్‌-జాబ్సన్‌’ నిఘంటువు దీని మూలం తెలుగేనని రాసింది.

కథ అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలో పిల్లల్ని పొట్ట సంచిలో పెంచే ఓ చిన్న జంతువుకూ తెల్లవారు ఇదే పేరు పెట్టారు. రెంటికీ చూపులో పోలికే గానీ చుట్టరికం లేదు. 1996లో ఓ వీడియోగేమ్‌ హీరోకు, 2018లో కేరళలో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోకూ అదే పేరు!

కొత్త మాటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవసరం పుట్టాలి, పదిమంది నోట నానాలి, రాతకెక్కాలి. నిఘంటువు వచ్చేది ఆ తర్వాతే. మాట పోయేదీ అదే దారిన... పలికేవాళ్లు లేకపోతే సరి. వీడియోగేమ్‌లో బాండికూట్‌ని గుర్తుపట్టే పిల్లలకు పందికొక్కు ఏమిటో చెప్పాల్సింది ఇంట్లోని పెద్దలే.