మన జిల్లావాడు, పార్లమెంటు స్పీకరు

నీలం సంజీవరెడ్డి గారంటే రాష్ట్రపతి అని మనం ఒక్క ముక్కలో చెప్పేస్తాం. ఆయన లోక్‌సభ స్పీకరుగా చేసిన పని నాకు అంతకంటే పెద్దదిగా తోచింది. అందుకే రాస్తున్నాను.

ఆయన 1913 మే 19న ఇల్లూరులో పుట్టారు. మన ముదిగుబ్బ 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, అంతకుముందు వాళ్లదీ మనదీ ఒకటే జిల్లా, ఒకటే కరువు. 1931లో అనంతపురం కాలేజీ చదువు మానేసి స్వాతంత్ర్య పోరాటంలో దిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

స్పీకరు అంటే మాట్లాడేవాడని అర్థం. కానీ సభలో వాదన చేయకూడనిది ఆయనే! పూర్వం బ్రిటన్‌లో సభ మాటను రాజు దగ్గరికి తీసుకుపోయేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అక్కడ స్పీకరు అయినవాళ్లు పార్టీని వదిలేస్తారు. మన దేశంలో అలాంటి నిబంధన లేదు. అయినా 1967 మార్చి 17న స్పీకరుగా ఎన్నికైన సంజీవరెడ్డి గారు కాంగ్రెసుకు రాజీనామా ఇచ్చేశారు. 34 ఏళ్ల సభ్యత్వం! (ఆయనపై పోటీ చేసిన తెన్నేటి విశ్వనాథం గారూ తెలుగువారే.) కబడ్డీలో ఈల వేసేవాడు తన రూము జట్టులోనే ఉంటే ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి?

మనకు ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమం చూసే పార్లమెంటు కమిటీ 1968లో ఆయన చొరవతోనే ఏర్పడింది. లోక్‌సభ నుంచి 20 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. ఉద్యోగాల్లో రిజర్వేషన్ సరిగా అమలవుతోందా అని ఆఫీసర్లను పిలిచి అడుగుతారు. తండాల నుంచి వచ్చిన మనకిది దూరపు సంగతి కాదు. ఉద్యోగం ఖాళీగా పెట్టి "అర్హులు దొరకలేదు" అంటే, ఎందుకు దొరకలేదని నిలదీసేవాళ్లు ఉండాలి కదా.

1969లో కాంగ్రెస్ ఆయన్ని రాష్ట్రపతి అభ్యర్థిగా పెట్టింది. జూలై 19న స్పీకరు పదవి వదిలారు. ప్రధాని ఇందిరాగాంధీ మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమన్నారు, వి.వి.గిరి గారు గెలిచారు. అదీ పోయింది, ఇదీ పోయింది. అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. మన నేల మీద సేద్యమంటే విశ్రాంతి అని నేననుకోను.

1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది ఈయనే. మార్చి 26న మళ్లీ స్పీకరు. నాలుగు నెలలు తిరక్కుండానే జూలై 25న రాష్ట్రపతి. పోటీ లేకుండా ఆ పదవికి ఎన్నికైనవారు ఈనాటికీ ఆయన ఒక్కరే.